ద్వీపమందు అతిథి – పంపబడినవాని దినచర్య

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1–11
తోడు చదువవలసినవి: లూకా 10:5–9, రోమా 1:14, 1 కొరింథీ 14:10–11



మిషనరీ అనగానే మన సంఘస్థుల కన్నులయెదుట ఒక చిత్రము నిలుచును. సముద్రము మీద ఓడ, నెత్తిన టోపి, చేతిలో గ్రంథము, చెట్టునీడను కూడిన జనులు, బిగ్గరగా ప్రసంగము. ఈ చిత్రము అబద్ధము కాదు గాని మిక్కిలి కొంచెము. ప్రసంగము ఒక గంట. దినమునకు ఇరువదినాలుగు గంటలు. తక్కిన ఇరువదిమూడు గంటలు ఆ మనుష్యుడు ఏమి చేయును? ఎవరి కుండలోని నీళ్లు త్రాగును? ఎవరి పిల్లల యొద్ద మాటలు నేర్చుకొనును? జ్వరము తగిలినప్పుడు ఎవరు గంజి కాచి పోయుదురు? ఆ ఊరిలో ఎవరైనను చనిపోయినప్పుడు అతడెక్కడ కూర్చుండును?

ఈ నెల పాఠములో ఈ ఇరువదిమూడు గంటలనుగూర్చి ఆలోచింతము. ఇది దూరదేశపు ముచ్చట కాదు. సముద్రపు గాలి తగులు ఈ తోటపల్లి గూడూరు గ్రామములలో నివసించు మనకు ఇందులో ఒక బాకీ కలదు. ఆ బాకీ ఎట్టిదో పాఠము ముగియునప్పటికి తేటపడును.

1. మెలితేలో మూడు నెలలు

ఓడ పగిలెను. అందులోనున్న 276 మంది, కొందరు ఈదుచు, కొందరు పలకలమీదను చెక్కలమీదను, ఒడ్డు చేరిరి. అది ఏ దేశమో వారికి తెలియదు. తరువాత తెలిసికొనగా దాని పేరు మెలితే అని తెలిసెను. మధ్యధరా సముద్రమున నేడు మాల్టా అని పిలువబడు ద్వీపమిదే. వాన కురియుచుండెను, చలి వేయుచుండెను. ద్వీపవాసులు ఈ అపరిచితులకు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి.

ఇప్పుడు పౌలు ఏమి చేసెనో చూడుడి. ఆయన అప్పటికి వయస్సు చెల్లినవాడు, అనేక సంఘములను నాటినవాడు, అపొస్తలుడు. ఒడ్డు చేరిన వెంటనే ఆయన చేసిన మొదటి పని పుల్లలు ఏరుట! ఇతరులు వేసిన మంట యొద్ద కూర్చుండి చలి కాచుకొనుటకు ఆయనకు హక్కు కలదు. ఖైదీ యనియు, ముసలివాడనియు ఎవరును తప్పు పట్టరు. అయినను ఆయన వంగి మోపెడు పుల్లలు ప్రోగుచేసి ఆ మంటమీద వేసెను. ఆ పుల్లలలోనే సర్పముండెను. సేవచేయబోయిన చేతికే అది పట్టుకొనెను. దానినిబట్టి జనులు ఆయనను మొదట నరహంతకుడనిరి, తరువాత దేవత యనిరి. ఈ రెండు మాటలును తప్పే. క్రొత్త ఊరు చేరిన సేవకుడు ఈ రెంటికిని సిద్ధముగా నుండవలెను. నిందకు కుంగిపోరాదు, పొగడ్తకు ఉబ్బిపోరాదు.

తరువాత ద్వీపములో ముఖ్యుడైన పొప్లి వారిని మూడు దినములు ఇంట చేర్చుకొని ఆతిథ్యమిచ్చెను. అతని తండ్రి జ్వరముతోను రక్తభేదితోను పడియుండగా పౌలు లోపలికి పోయి, ప్రార్థనచేసి, చేతులుంచి స్వస్థపరచెను. మిగిలిన రోగులును వచ్చి బాగుపడిరి. వారు మూడు నెలలు ఆ ద్వీపమందుండిరి. ఓడ ఎక్కునప్పుడు ద్వీపవాసులే ప్రయాణమునకు కావలసిన సామగ్రి తెచ్చి ఉంచిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. పౌలు ఏథెన్సులో ఏమి ప్రసంగించెనో లూకా వ్రాసెను, ఎఫెసు పెద్దలతో ఏమి పలికెనో వ్రాసెను, రాజులయెదుట ఏమి చెప్పుకొనెనో వ్రాసెను. మెలితేలో మూడు నెలలుండగా ఒక్క ప్రసంగమైనను వ్రాయలేదు. పౌలు అక్కడ నోరు తెరవలేదని మేము చెప్పము; ఊరకుండు మనుష్యుడు కాడు. అయితే పరిశుద్ధాత్ముడు మన నిమిత్తము వ్రాయించి యుంచినవి మంట, పుల్లలు, ఇల్లు, మంచము, జ్వరము, దారిబత్తెము. ఈ దినచర్యయే ఆ మూడు నెలల పాఠము.

2. "అనాగరికులు" అనగా ఎవరు?

మన తెలుగు బైబిలులో ఆ ద్వీపవాసులను "అనాగరికులు" అని వ్రాసియున్నది. ఇది చదివి కొందరు, వారు మర్యాద తెలియని అడవి మనుష్యులని తలంతురు. గ్రీకు మూలమందున్న మాట "బార్బరోస్". గ్రీకు భాష మాటలాడనివానిని గ్రీకులు అట్లు పిలుచుచుండిరి. వాని పలుకు వారి చెవికి "బర్ బర్" అని వినబడెను గనుక ఆ పేరు పెట్టిరి. అందులో మర్యాద లెక్క లేదు, భాష లెక్కయే కలదు.

ఇదే మాటను పౌలు 1 కొరింథీ 14:11లో వాడెను. అక్కడ మన బైబిలులో దానిని "పరదేశి" అని తెలిగించిరి. మాట అర్థము కానప్పుడు ఎదుటివాడు నాకు పరదేశియే, నేనును అతనికి పరదేశినే అని ఆయన భావము. చూడుడి, ఆ పేరు రెండు వైపులకును చెల్లును! మెలితే ఒడ్డున ద్వీపవాసులు పౌలుకు పరదేశులైతే, పౌలును వారికి పరదేశియే. మూడవసారి రోమా 1:14లో ఇదే మాట వచ్చును. గ్రీకులకును గ్రీకులు కానివారికిని తాను ఋణస్థుడనని అక్కడ పౌలు చెప్పుకొనెను. ఎవనిని లోకము అనాగరికుడనునో వానికి అపొస్తలుడు బాకీదారుడు.

కాబట్టి మొదటి పాఠమిది: పంపబడినవాడు దాతగా దిగడు, అతిథిగా దిగును. ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడును ఇట్లే సెలవిచ్చెను. లూకా 10లో వారికి సంచి లేదు, జాలె లేదు. ఇంటివారు పెట్టినది తినవలెను, ఇల్లిల్లు తిరుగక ఒక యింటనే నిలువవలెను. పుచ్చుకొనుట చేతకానివాడు ఇయ్యలేడు.

3. దక్షిణ సముద్రపు ద్వీపములలో

పసిఫిక్ మహాసముద్రమందు తహితి, సమోవా, టోంగా, రారోటోంగా మొదలగు ద్వీపములు కలవు. వీటిని పాలినేషియా అందురు. 1796లో లండన్ మిషనరీ సొసైటీవారు "డఫ్" అను ఓడమీద 30 మందిని అక్కడికి పంపిరి. వారిలో అభిషేకము పొందిన బోధకులు నలుగురే. తక్కినవారు వడ్రంగులు, తాపీ పనివారు, నేతగాండ్రు మొదలైన చేతిపనివారు. 1797 మార్చిలో తహితిలో దిగిరి. మరుసటి సంవత్సరమే అనేకులు భయపడి సిడ్నీకి వెళ్లిపోయిరి. నిలిచినవారిలో హెన్రీ నాట్ అను తాపీ పనివాడొకడు. అతడు ఆ జనుల మధ్య కూర్చుండి వారి మాట నేర్చెను. రాజైన పొమారే 1819లో బాప్తిస్మము పొందెను. తహితి భాషలో బైబిలు 1838లో అచ్చుపడెను. దిగిన దినమునుండి లెక్కింపగా 41 సంవత్సరములు!

తెలుగువారమైన మనకు ఇక్కడ బంధుత్వము కలదు. ఈ సొసైటీవారే 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అను ఇద్దరిని విశాఖపట్టణమునకు పంపిరి. 1809లో ఒకరు, 1810లో ఒకరు మరణించిరి. డి గ్రాంజ్ ఆనందరాయరు అను తెలుగు విశ్వాసి సహాయముతో చేసిన సువార్తల తర్జుమా 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఒకే ఇంటివారు తహితికిని విశాఖకును దీపము పంపిరన్నమాట.

ఆ ద్వీపములలో మిషనరీ దినచర్య ఎట్టిది? సమోవా దేశమును తీసికొందము. అక్కడ ఇంటిలో ప్రవేశించినవాడు చాపమీద కాళ్లు మడిచి కూర్చుండవలెను. ఎదుటివారివైపు కాళ్లు చాపుట అమర్యాద. కూర్చున్న వారి యెదుట నడువవలసి వచ్చినచో నడుము వంచి, క్షమింపుడని పలికి సాగిపోవలెను. పెద్దలతోను అతిథులతోను మాటలాడుటకు వేరు గౌరవ పదములున్నవి. మనము "తిన్నావా" అనుటకును "భోంచేసితిరా" అనుటకును భేదము లేదా? అట్టిదే. వాక్యములో ఎంత పండితుడైనను ఈ పదములు నేర్వనివాడు అక్కడ పసివాడే. సాయంకాలమున సూచన మ్రోగగానే ఊరంతయు ఇండ్లలో చేరి కుటుంబ ప్రార్థన చేయు ఆచారము నేటికిని అక్కడి గ్రామములలో కలదు. దారినపోవు పరదేశియు ఆ సమయమున ఆగి నిలువవలెను. కాపరిని గ్రామపు కుటుంబములు తమ వంతున పోషించును. ఆయనకును గ్రామమునకును నడుమ ఒక నిబంధన యున్నట్లే వారు ఎంచుదురు.

వృద్ధుడైన మిషనరీకి ఇక్కడనే ఒక శోధన కలదు. మొదటి సంవత్సరము అతడు అందరిని అడిగి తెలిసికొనును. ఇరువది యేండ్లు గడచిన తరువాత అందరును అతనిని అడుగుదురు. పెద్దపీట వేయుదురు, మొదటి వడ్డన అతనికే. మెల్లగా అతిథి యజమానుడగును, సేవకుడు దొర యగును. మన తెలుగు దేశములోను మిషనరీని "దొరగారు" అనియే పిలిచిరి గదా! గ్రామ కాపరులమైన మాకును ఈ హెచ్చరిక చెల్లును. ఎన్ని యేండ్లున్నను ఊరు ప్రభువుది, మనము అతిథులము. పౌలు ముసలితనమున పుల్లలేరుట ఈ శోధనకు మందు.

ఇంతకంటె గొప్ప సంగతి మరియొకటి. తహితికి సువార్త చేరిన 24 సంవత్సరములకే, అనగా 1821లో, ఆ ద్వీపముల విశ్వాసియైన పాపేయిహా అనునతడు సహచరునితోకూడ అయిటుటాకి ద్వీపమునకు పంపబడెను. 1823లో రారోటోంగాలో దిగెను. తెల్లవారైన మిషనరీలు అక్కడ నివాసమునకు వచ్చుటకు ఇంక నాలుగేండ్లు పట్టెను. పాపేయిహా అక్కడివారిలో ఒకడై, అక్కడనే పెండ్లాడి, 1867లో మరణించువరకు 44 సంవత్సరములు ఆ ద్వీపమందే నిలిచెను. సువార్త పుచ్చుకొన్నవాడు ఒక్క తరములోనే దానిని మోసికొనిపోవువాడాయెను.

4. ఒంటరి నక్షత్రము

ఇప్పుడు మన తీరమునకు వత్తము. అమెరికను బాప్తిస్టు మిషనరీ సామ్యేల్ డే దొరగారు 1840లో నెల్లూరు వచ్చిరి. చాల యేండ్లు ఫలము మిక్కిలి కొంచెము. 1853లో ఈ మిషనును మూసివేయుదమా యను ప్రశ్న అమెరికాలో లేచెను. పటములో ఒంటరిగా నున్న చుక్కవంటిదని దీనికి "లోన్ స్టార్" అను పేరు అప్పుడే కలిగెను. మూయలేదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు కొండమీద ఐదుగురు కూడి ప్రార్థించిరి. లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, క్రైస్తవుడు నర్సు, జూలియ, రూతు. ఐదుగురిలో ముగ్గురు మనవారేనని మరువకుడి.

తరువాత జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరిరి. 1876–78 కరువులో ఆయన బకింగుహాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసిరి. మన మండలముగుండ పారు కాలువయే అది. ఆ పని జరిగినది ఉత్తరమున ఒంగోలు వైపున. ఆ దినములలోను ఆయన పని గమనింపదగినది. పార పట్టినవారి మధ్య నిలిచి, వారి కష్టసుఖములు వినుచు, లెక్కలు చూచుచు కాలము గడపిరి. కరువు తీరిన తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను మనము పండుగలలో తరచు చెప్పుకొందుము. దానికి ముందటి మంటను, పుల్లలను చెప్పుకొనుట అరుదు.

5. కియర్స్నీ తోటలో నెల్లూరు కాపరి

ఇంతవరకు మనము పుచ్చుకొన్న కథ. ఇక ఇచ్చిన కథ వినుడి.

1860 నవంబరు 16న "ట్రూరో" అను ఓడ మద్రాసు కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరెను. అది మొదలు 1911 వరకు నేటాల్ దేశపు చెరకు తోటలకును, తేయాకు తోటలకును, బొగ్గు గనులకును, రైలు మార్గములకును 1,52,184 మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా పోయిరి. సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి పోయినవారే. అరవవారితోకూడ తెలుగువారును అనేకులు. ఒప్పందము ఐదేండ్లు. మొదటి సంవత్సరము మగవానికి నెలకు 10 షిల్లింగులు. యేటేట ఒక షిల్లింగు పెరిగి ఐదవ యేట 14 అగును. ఆడవారికి ఇందులో సగము. బియ్యము, పప్పు, ఉప్పు, ఎండుచేప కొలిచి ఇత్తురు. పొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు పని. చీటి లేకుండ తోట విడిచి దూరము పోరాదు, పోయినయెడల శిక్ష.

అట్టివారిలో మన బాప్తిస్టు విశ్వాసులు కొందరుండిరి. మాకు మా భాషలో వాక్యము చెప్పు కాపరి కావలెనని వారు స్వదేశమునకు కబురు పంపిరి. త్రోయలో పౌలునకు మాసిదోనియ మనుష్యుని పిలుపు వినబడినట్లు (అపొ. కార్య. 16:9) నెల్లూరు సంఘములకు ఆ పిలుపు వినబడెను. తెలుగు సంఘముల స్వంత సంస్థయైన తెలుగు బాప్తిస్టు హోమ్ మిషనరీ సొసైటీవారు జాన్ రంగయ్యగారిని పంపిరి. ఆయన మిషను పాఠశాలలో పనిచేసిన ఉపాధ్యాయుడు. కుటుంబముతో సముద్రము దాటి 1903లో నేటాల్ చేరిరి. ఆ సంవత్సరము డిసెంబరు 27న స్టాంగర్ పట్టణమునకు దాపున, కియర్స్నీ తేయాకు తోటలో సంఘము స్థాపింపబడెను. ఆఫ్రికా ఖండములో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘమిదే. డే దొరగారు నెల్లూరు చేరిన 1840 మొదలు ఇది 63వ సంవత్సరము.

ఆ తోటలో కాపరి దినచర్యను ఊహింపుడి. పగలు సంఘస్థులెవరును చేతికి దొరకరు. అందరు ఆకు కోయుచున్నారు. కూడుకొనుటకు దొరకునది దీపాలవేళ గాని ఆదివారము గాని. తోట యజమానుడైన లీజ్ హులెట్ దొర మెథడిస్టు సంఘమున ప్రసంగీకుడు; అన్ని తోటల దొరలు అట్టివారు కారు. కూలి లైన్లలో తెలుగువాని గోడ ప్రక్కనే అరవవాడు, అతని ప్రక్కనే హిందీ మాటలాడువాడు, వెలుపల జూలూలు. ఊరిలో ఏ వీధివాడవని అడుగు జనులు అక్కడ ఒకే కప్పు క్రింద పండుకొనిరి. అట్టిచోట కాపరి తెలుగు మాట ఒక్కటి పలికినను అది ప్రసంగమే. ఇంటి జ్ఞాపకమును, దేవుని జ్ఞాపకమును ఒక్కసారి కలుగును. 137వ కీర్తనలో పరదేశమందు పాట పాడనేరక యేడ్చినవారిని జ్ఞాపకము చేసికొనుడి. కీర్తన ఎత్తియిచ్చువాడు వారికి దొరికెను.

వారి కష్టము పాటతో తీరునది కాదు. 1895లో చేసిన చట్టమునుబట్టి, ఆ తరువాత వచ్చి ఒప్పందము ముగిసినవారు మరల ఒప్పందము చేసికొనక, స్వదేశమునకు పోక, ఆ దేశమందే స్వతంత్రముగా నిలువగోరినయెడల యేటేట 3 పౌనుల పన్ను కట్టవలెను. 3 పౌనులనగా 60 షిల్లింగులు. నెలకు 10 షిల్లింగుల లెక్కన ఆరు నెలల కూలి! 16 ఏండ్లు దాటిన కుమారునికిని 13 ఏండ్లు దాటిన కుమార్తెకును ఈ పన్నే. 1913లో గాంధిగారి నాయకత్వమున వేలాది కూలీలు పని మాని నడిచిరి. 1914లో పన్ను రద్దాయెను. రంగయ్యగారి కాపరిత్వము ఈ భారము క్రింద నలిగిన కుటుంబముల మధ్యనే సాగెను. అట్టిచోట పరలోకమునుగూర్చి మాత్రము చెప్పి, ఇంటిలోని అప్పును చూడక పోవు కాపరి మాట ఎవరు విందురు?

1914లోనే అక్కడి సంఘములు కూడి నేటాల్ ఇండియన్ బాప్తిస్టు అసోసియేషను అను పేర ఏర్పడెను. 1915లో రంగయ్యగారు ప్రభువునందు నిద్రించిరి. పండ్రెండు సంవత్సరముల పని. తరువాతి కాలమున ఆయన కుమారుడు థియోఫిలస్ ఆ పనిని చేపట్టిరి. ఆ సంఘములు నేటికిని నిలిచియున్నవి. మనుమల కాలమునకు ఆరాధన ఆంగ్లములోనికి మారెను. భాష మారినను సాక్ష్యము నిలిచెను.

ఈ ఒక్క సంగతి మన పిల్లలకు నేర్పవలెను. నెల్లూరు బీదల సంఘములు, తాము పరుల కానుకలమీద నడుచు దినములలోనే, సముద్రముమీదికి మిషనరీని పంపెను. మా అప్పులు తీరిన తరువాత పంపుదుమని వారనలేదు.

6. మనము ఏ ఒడ్డున నున్నాము?

1962లో తెలుగు బాప్తిస్టు సంఘముల సమావేశము ఏర్పడి, మిషనరీలు నడపిన పని మన చేతులలోనికి వచ్చెను. దొరగారు వెళ్లిరి, బంగళాలు మిగిలెను. ఆ తరువాత తెలుగు దేశమందు అనేకచోట్ల, ఒక్క శాఖ అని కాదు, మిషను భూములకొరకు అన్నదమ్ములు న్యాయస్థానముల మెట్లెక్కుట మనము చూచుచున్నాము. స్వాస్థ్యమనగా స్థలమును గోడలును అని ఎంచితిమా? మనకు దిగివచ్చిన నిజమైన స్వాస్థ్యము పంపబడు గుణము. దానికొరకు వ్యాజ్యము వేయువాడు కనబడడు!

పంపుటకు ఓడ యెక్కనక్కరలేదు. దేశములే మన ఒడ్డునకు వచ్చియున్నవి. రొయ్యల చెరువులమీదను, రొయ్యలు శుద్ధిచేయు కంపెనీలలోను పనిచేయుటకు ఒడిశా మొదలగు రాష్ట్రముల యౌవనస్థులు ఇక్కడికి వచ్చిరి. చెరువు గట్టుమీద రేకుల పాకలో వారి కాపురము. వారి మాట మనకు "బర్ బర్" అని వినబడుచున్నది. మన మాటయు వారికి అట్లే. కాలువ గట్లను అంటి యానాది కుటుంబములున్నవి. వారు పరదేశులు కారు, మనకంటె ముందటివారు. అయినను మన విందులలో వారి వరుస ఎక్కడ? మరియు మన బిడ్డలే అనేకులు కువైటు మొదలగు దేశములలో ఇంటిపనులలో నున్నారు. నేటాల్ తోటలనుండి వచ్చిన కబురువంటిదే నేడు వారి ఫోనులో వినబడుచున్నది: "అయ్యగారూ, మాకొరకు ప్రార్థన చేయండి, ఇక్కడ మా భాషలో కూడిక లేదు."

మా సంఘమందలి ఒక ముసలమ్మను గూర్చి చెప్పవలెను. ఆమె పాకకు ఎదుటి చెరువుమీద కాపలాయున్న ఒడియా కుర్రవానికి జ్వరము తగిలెను. ఆమె మూడు దినములు గంజియు మిరియాల చారును కాచి పోసెను. అతడు ఆమెను "మావుసీ" అని పిలిచెను. పిన్ని అని దాని అర్థమట. ఊరిలో ఒడియా మాట మొదట నేర్చినది అక్షరము రాని ఆ తల్లియే. బాగుపడిన తరువాత అతడు అడుగకుండనే వచ్చి ఆమె దొడ్డి చుట్టు తుమ్మకంప కొట్టి కంచె వేసిపోయెను. వారిలో అతిథి ఎవరు, ఇంటివారెవరు? మెలితే ఒడ్డుననుండి ఇంత దూరమునకు ఆ మంట వెచ్చదనము వచ్చెను.

పౌలు తాను ఋణస్థుడననెను. ఒంగోలు కొండమీద మోకరించినవారికి మనము ఋణస్థులము, రంగయ్యగారిని పంపిన సంఘములకు ఋణస్థులము. అట్టి బాకీ ఇచ్చినవారికి తీర్చునది కాదు, వారు నిద్రించిరి. ముందున్నవారికే తీర్చవలెను.

7. ధ్యానమునకు ప్రశ్నలు (ఇంటి కూడికలలోను స్త్రీల సమాజములోను చదువుటకు)

1. అపొ. కార్య. 28:1–10లో ద్వీపవాసులు చేసిన ఉపకారములెన్ని, పౌలు చేసినవెన్ని? రెండు వరుసలుగా వ్రాసి చూడుడి. ఏ వరుస ముందు మొదలాయెను?

2. పౌలును మొదట నరహంతకుడనియు తరువాత దేవత యనియు పిలిచిరి. ఈ రెండు తప్పులలో సేవకునికి ఏది ఎక్కువ అపాయము? ఎందుచేత?

3. లూకా 10:5–9 ప్రకారము, పంపబడినవాడు భోజనవిషయమై ఎట్లు నడుచుకొనవలెను? మన ఊరిలో ఎవరి యింట మనము ఇంతవరకు నీళ్లు త్రాగలేదు?

4. తహితి 24 సంవత్సరములకు, నెల్లూరు 63 సంవత్సరములకు దూరదేశమునకు పంపెను. మన గ్రామ సంఘము పుట్టి ఎన్నేండ్లాయెను? ఇంతవరకు ఎవరిని, ఎక్కడికి పంపితిమి?

ఈ నెల పని: ప్రతి కుటుంబము వేరు భాష మాటలాడు ఒక పనివాని పేరు, అతని ఊరి పేరు తెలిసికొనవలెను. అతని భాషలో ఒక మాట నేర్చుకొనవలెను. నెలాఖరు ఆదివారమున ఆ పేర్లన్నియు సంఘములో చదివి ప్రార్థింతము. పేరు తెలియనివానికొరకు ప్రార్థించుట తేలిక. పేరు తెలిసినవానికి జ్వరము వచ్చినప్పుడు ఊరకుండుట కష్టము. ఆ కష్టము మనకు రావలెనని మా కోరిక.

ప్రార్థన: ప్రభువా, నీవు మా మధ్య అతిథివై వచ్చితివి, సమరయ స్త్రీ యొద్ద నీళ్లడిగితివి, జక్కయ్య యింట దిగితివి. పుచ్చుకొనుటలో సిగ్గుపడని మనస్సును, ఇచ్చుటలో గర్వింపని మనస్సును మాకు దయచేయుము. దూరదేశములలోనున్న మా బిడ్డలకు అక్కడివారి వాకిండ్లు తెరువుము. మా ఒడ్డునకు వచ్చినవారికి మా వాకిండ్లు తెరువుము. మా చేతులకు నేడు ఏరవలసిన పుల్లలు చూపుము. ఆమేన్.